పలుకని పనివాడు: యంత్రములకు హాజరుపట్టీ యేల?

కరీంనగరమునొద్ద మానేరు నదిమీద కట్టబడిన దిగువ మానేరు జలాశయమునకు ఇరువది తలుపులు గలవు. వానకాలమున పట్టణవాసులు కట్టమీదికి పోయి నీటి విస్తీర్ణమును చూచి ఆనందింతురు. అచ్చట పనిచేయు ఇంజనీరులు మాత్రము నీటిని వేరొక దృష్టితో చూతురు. లోనికి వచ్చుచున్న నీరెంత? వెలుపలికి పోవుచున్న నీరెంత? ఇప్పుడు నిలిచియున్న మట్టమెంత? ఏ తలుపు ఎంత ఎత్తబడియున్నది? వరదకాలమున ఈ నాలుగు ప్రశ్నలకును వారు మాటిమాటికి ఉత్తరము వ్రాసికొనుచుండవలెను. జలాశయముయొక్క పూర్తిమట్టము 920 అడుగులు. కంటికి ప్రశాంతముగా తోచు నీరు ఆ మట్టమునకు ఎంత దూరమున నున్నదో, ఎంత వేగముగా సమీపించుచున్నదో, కొలత పుస్తకమువలననే తెలియును గాని చూపువలన తెలియదు.

ఈ నాలుగు ప్రశ్నలనే నేడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారు తమ యంత్రములను గూర్చి అడుగుచున్నారు. మన జిల్లాలలోని బడులలో చదివిన యువకులును యువతులును అనేకులు ఈ వృత్తిలో ప్రవేశించుచున్నారు. కరీంనగరముననే 2020వ సంవత్సరమున ఐ.టి. టవరు తెరువబడినది. "మావాడు కంప్యూటరు పని చేయుచున్నాడు" అని చెప్పు తల్లిదండ్రులు, ఆ పనియెట్టిదని ఎవరైన నడిగినచో ఉత్తరము చెప్పలేక నవ్వి ఊరకుందురు. ఆ పనిలో ఒక చిన్న భాగమును ఇందు వివరింతుము. భాగము చిన్నదైనను అందలి నీతి చిన్నది కాదు.

ఒక పెద్ద ప్రోగ్రామును ఒక్కడు వ్రాయడు. వందలకొలది మంది వేర్వేరు దేశములలో కూర్చుండి తలకొక ముక్క వ్రాయుదురు. పూర్వము వీరందరు నెలలతరబడి ఎవరిపాటికి వారు వ్రాసికొని, కడపట అన్నిటిని ఒకచోట కూర్చువారు. అప్పుడు ఒకని ముక్కతో మరియొకని ముక్క పొసగక, ఆ చిక్కు విప్పుటకే వారములు పట్టుచుండెను. ఇందుకు విరుగుడుగా, ఎవరే చిన్న మార్పు చేసినను దానిని ఆ దినముననే మొత్తముతో కలిపి పరీక్షించు పద్ధతి ఏర్పడినది. దీనికే కంటిన్యువస్ ఇంటిగ్రేషన్, అనగా నిరంతర సంయోజనము, అని పేరు. ఈ పేరును గ్రేడీ బూచ్ అను అమెరికా పండితుడు 1991లో వాడెను. మార్టిన్ ఫౌలర్ 2000లో వ్రాసిన వ్యాసమువలన ఇది లోకమున ప్రచారమయ్యెను. జపానుదేశీయుడగు కోసుకే కవగుచి 2004లో హడ్సన్ అను పేర ఆరంభించిన ప్రోగ్రాము 2011 నుండి జెన్కిన్స్ అను పేర ప్రసిద్ధిచెంది, నేటికిని అనేక స్థలములలో ఈ పని చేయుచున్నది.

మనకు పరిచయమైన దృష్టాంతము నొకదానిని చూతము. తెలుగు వికీపీడియా 2003వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన వెన్న నాగార్జునగారిచే ప్రారంభింపబడెను. అందలి వ్యాసములను మన విద్యార్థులు చదువుచునే యున్నారు. ఆ వ్యాసములను చూపు ప్రోగ్రామునకు మీడియావికీ అని పేరు. దాని తెర మీద కనబడు "వెతుకు", "చరిత్ర" మొదలగు చిన్న మాటలను తెలుగు వచ్చిన స్వచ్ఛంద సేవకులు ట్రాన్స్‌లేట్‌వికీ అను స్థలమున అనువదింతురు. ఆ అనువాదములు మూటగట్టబడి మీడియావికీలో ఒక మార్పుగా సమర్పింపబడును. తెలుగు మాట యొక్కటియే మారినను, అది పరీక్షకు నిలువవలసినదే. సందేశముల దస్త్రము సరియైన రూపమున నున్నదా, ఎక్కడనైన ఒక కామా తప్పినదా, అని యంత్రము తరచి చూచును. ఈ మార్పులను వరుసలో నిలిపి పరీక్షకు పంపు పనికి జూల్ అను ప్రోగ్రామును వాడుచు వచ్చిరి. ఒక సినిమాలోని ద్వారపాలకుని పేరది. తగినది లోనికి, తగనిది వెనుకకు అనుటయే దాని పని గనుక ఆ పేరు అన్వర్థమే.

అయితే ద్వారపాలకుడు తానుగా పరీక్షింపడు. పరీక్షించుటకు వేరుగా యంత్రములుండును. వీనిని బిల్డ్‌బాట్‌లో వర్కర్లనియు, జెన్కిన్స్‌లో ఏజెంట్లనియు, గిట్‌ల్యాబ్‌లో రన్నర్లనియు పిలుతురు. మన మీ వ్యాసమున పనివాండ్రందము. వరుసలోని మొదటి పనిని ఒక పనివాడు తీసికొనును; ప్రోగ్రామును కూర్చును; పరీక్షలను నడపును; "నెగ్గినది" యనియో "తప్పినది" యనియో చెప్పి, మరియొక పని తీసికొనును. రాత్రి పగలు ఇట్లే జరుగుచుండును. పని సాగుచున్నంతకాలము వీరినెవరును తలంపరు. చిక్కంతయు అందే యున్నది.

మనుష్యుడగు పనివాడు జబ్బుపడినచో మూలుగును, అలసినచో కూర్చుండును. యంత్రపు పనివాడు అట్లు చేయడు. ఒక పని మధ్యలో చిక్కుకొని కదలక నిలిచిపోవచ్చును. డిస్కు నిండిపోయి, తీసికొన్న ప్రతి పనియు మొదటనే విఫలము కావచ్చును. తంతి తెగి ద్వారపాలకునితో సంబంధము పోవచ్చును. ఈ మూడు స్థితులలోను వాడు నోరు తెరవడు. పనిలేక ఊరకున్న పనివాడును, చచ్చిపడియున్న పనివాడును బయటినుండి చూచువారికి ఒక్కటిగానే యుందురు. ఇద్దరును నిశ్శబ్దముగానే యుందురు గదా!

కాగితముమీది సంఖ్యకును, పనిచేయు సంఖ్యకును గల భేదమెంత ప్రమాదకరమో మన కడెము ప్రాజెక్టు చరిత్రయే చెప్పును. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో నుండి, నేడు నిర్మల్ జిల్లాలో చేరిన ఈ జలాశయమునకు 1958వ సంవత్సరము ఆగస్టు మాసమున అంచనాకు మించిన వరద వచ్చెను. నీరు కట్టమీదుగా పొర్లి, ఎడమ ప్రక్కన గొప్ప గండి పడెను. పిమ్మట తలుపుల సంఖ్యను పెంచి కట్టిరి. నేడు దానికి 18 తలుపులు. 2022వ సంవత్సరము జూలై మాసమున 5 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినప్పుడు, ఆ పదునెనిమిదింటిలో ఒక తలుపు లేవలేదు. దిగువ గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. దైవకృపవలన కట్ట నిలిచెను. "తలుపులు పదునెనిమిది" అని పుస్తకమున వ్రాసియుండుట అబద్ధము కాదు. కాని ఆ రాత్రి కావలసిన సంఖ్య అది కాదు; లేచిన తలుపులెన్ని యనునదే కావలసిన సంఖ్య.

ఈ సంగతిని పలకమీద లెక్కవేసి చూతము. ఒక స్థలమున గంటకు 30 పనులు వచ్చుచున్నవనుకొనుడు. ఒక్కొక్క పనికి 8 నిమిషములు పట్టును. అనగా గంటకు 240 నిమిషముల పని. ఇది నలుగురు పనివాండ్రకు సరిపోవును. ఐదుగురున్నచో కొంత వెసులుబాటుండును. ఇప్పుడు ఇద్దరు నోరెత్తక నిలిచిపోయిరనుకొనుడు. మిగిలిన ముగ్గురు గంటకు 22½ పనులకంటె ఎక్కువ చేయలేరు. గంటగంటకు 7½ పనులు వరుసలో పేరుకొనును. ఎనిమిది గంటలకు 60 పనులు నిలిచిపోవును. అప్పుడు వచ్చి వరుస చివర నిలిచినవానికి తన వంతు వచ్చుటకు 2 గంటల 40 నిమిషములు పట్టును. ఈ కాలమంతయు ఆ ముగ్గురు క్షణము తీరిక లేక పనిచేయుచునే యుందురు. వారి శ్రమను మాత్రము కొలిచినవాడు "అందరును చక్కగా పనిచేయుచున్నారు" అని తృప్తిపడును. వేచియున్నవానిని కొలిచినవానికే నిజము తెలియును.

ఇట్టి వరుసల లెక్కను మొదట శాస్త్రముగా చేసినవాడు డెన్మార్కు దేశపు ఏ. కె. ఎర్లాంగ్. కోపెన్‌హేగెన్ నగరపు టెలిఫోను సంఘమున పనిచేయుచు ఆయన 1909లో ఈ విషయమై తన మొదటి వ్యాసమును ప్రకటించెను. పిమ్మట 1961లో జాన్ లిటిల్ అను అమెరికా ఆచార్యుడు ఒక సులభమైన సూత్రమును నిరూపించెను. లోపలనున్న పనుల సగటు సంఖ్య, పనులు వచ్చు వేగమును ఒక్కొక్క పని లోపల గడపు సగటు కాలముచే గుణించిన లబ్ధమునకు సమానము. టెలిఫోనైనను, ఆసుపత్రి వసారాయైనను, కంప్యూటరైనను ఈ సూత్రము మారదు.

మరి పలుకని పనివానిని పలికించుటెట్లు? ఇందుకు మన బడిలో ప్రతి ఉదయము జరుగు కార్యమే మార్గము. ఉపాధ్యాయుడు హాజరుపట్టీ తెరచి పేరుపేరున పిలుచును. పిల్లవాడు పలికినచో ఉన్నట్లు, పలుకనిచో లేనట్లు. లేనివాడు తానుగా వచ్చి "నేను రాలేదు" అని చెప్పజాలడు గదా! కావున పిలుచువాడొకడుండవలెను, పిలువవలసినవారి పట్టీ వాని చేతిలో నుండవలెను. 2012లో సౌండ్‌క్లౌడ్ అను సంస్థలో పుట్టిన ప్రొమీథియస్ అను ప్రోగ్రాము ఇట్లే చేయును. అది నిర్ణీతకాలమునకు, 15 క్షణములకో నిమిషమునకో ఒకసారి, ప్రతి పనివానివద్దకు తానే పోయి "నీ లెక్క యేమి?" అని యడుగును. ఉత్తరము వచ్చినచో ఆ పనివాని పేరిట 1 అనియు, రానిచో 0 అనియు వ్రాసికొనును. ఆ సున్నయే మిక్కిలి విలువైన సమాచారము. మౌనమును అంకెగా మార్చుటయే ఈ విద్యలోని మొదటి మెట్టు.

పలికిన పనివాడు చెప్పవలసిన లెక్కలు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది ఇంటి కరెంటు మీటరువంటిది; ఎప్పుడును పెరుగునే గాని తరుగదు. "నేను లేచినది మొదలు ఇన్ని పనులు ముగించితిని" అనునది ఇట్టిది. నిన్నటి అంకెను నేటి అంకెనుండి తీసివేసినచో ఈ దినపు పని తేలును. రెండవది జలాశయపు మట్టమువంటిది, పెరుగును, తరుగును. "ఇప్పుడు నా చేతిలో ఇన్ని పనులున్నవి, నా డిస్కులో ఇంత చోటున్నది" అనునది ఇట్టిది. మూడవది ధాన్యమును వేర్వేరు జల్లెడలలో పోసి విడదీయుటవంటిది. నిమిషములోపల ముగిసిన పనులెన్ని, ఐదు నిమిషములలోపల నెన్ని, పదునైదింటిలోపల నెన్ని, గంటలోపల నెన్ని, అని తరగతులుగా లెక్కించుట.

ఈ మూడవదాని యవసరమేమని కొందరడుగుదురు. సగటు చాలదా? చాలదు. పది పనులలో తొమ్మిది 5 నిమిషములలో ముగిసి, ఒకటి 95 నిమిషములు పట్టినదనుకొనుడు. సగటు 14 నిమిషములు. కాని ఆ పదిమందిలో 14 నిమిషములు వేచినవాడు ఒక్కడును లేడు! తొమ్మండుగురి సుఖమును, ఒక్కని కష్టమును కలిపి నూరి, ఎవరికిని చెందని అంకెను సగటు మనకిచ్చినది. ఆ ఒక్కడే తప్పిపోయిన గొఱ్ఱె. వానిని వెదకుటకే జల్లెడ కావలెను.

ఇక పనివానియందు ఏయే కొలతలుంచవలెను? లెక్కలేనన్ని ఉంచవచ్చును, కాని నాలుగు చాలును. ఇవి జలాశయపు ప్రశ్నలే. వరుసలోనికి పనులెంత వేగముగా వచ్చుచున్నవి? ఎంత వేగముగా ముగియుచున్నవి? వరుసలో ఎన్ని నిలిచియున్నవి, వానిలో అన్నిటికంటె పాతది ఎంతసేపటినుండి వేచియున్నది? పనివాండ్రలో పలుకువారెందరు, వారిలో పని చేతబట్టినవారెందరు? ఈ నాలుగింటిని ఒక పటముమీద ప్రక్కప్రక్కన గీసినచో, పై లెక్కలోని ఇద్దరు మౌనవ్రతుల సంగతి ఎనిమిది గంటల పిమ్మట గాక నిమిషములలోనే తెలిసిపోవును.

మరియొక ముఖ్య భేదమును మరువరాదు. ఒక పని "తప్పినది" అని వచ్చినప్పుడు తప్పెవరిది? వ్రాసినవాని తప్పు కావచ్చును. పరీక్షించిన యంత్రపు లోపము కావచ్చును. డిస్కు నిండిన పనివాడు ఒప్పుగా వ్రాసినవానికిని "తప్పు" అనియే చీటి యిచ్చును. తెలుగు మాటను సరిగా అనువదించిన స్వచ్ఛంద సేవకుడు ఆ చీటి చూచి తన పనిలో లేని దోషమును వెదకుకొనుచు పొద్దుపుచ్చును. రెండుమూడు మారులు ఇట్లయినచో విసిగి, ఆ సేవయే మానుకొనవచ్చును. అంతకంటె కీడేమనగా, అబద్ధపు చీటీలకు అలవాటుపడినవారు నిజమైన చీటిని కూడ లక్ష్యపెట్టరు. కావున ఈ రెండు విధముల తప్పులకును వేర్వేరు మీటర్లుండవలెను. ఒకే పనివానివద్ద తప్పులు గుంపుగా పెరిగినచో దోషము వానియందు వెదకవలెను. ఒకే మార్పు ఏ పనివానివద్దకు పోయినను తప్పినచో దోషము మార్పునందు వెదకవలెను. న్యాయమునకు ఇంతకంటె సులభమైన సాక్ష్యము దొరకదు.

కొలతలకును మితము గలదు. ప్రతి మార్పునకును, ప్రతి మనుష్యునికిని, ప్రతి నిమిషమునకును వేరువేరు మీటరు పెట్టబోయినచో ఆ లెక్కలను దాచుటకే యంత్రము చాలక, లెక్క చూచుకొను ప్రోగ్రామే కూలబడును. అట్లే ప్రతి చిన్న కదలికకు గంట మ్రోగించినచో, కావలివారు గంటను ఆలకించుట మానుదురు. ఎవడైన లేచి ఏదైన చేయవలసిన సమయమున మాత్రమే గంట మ్రోగవలెను. మిగిలినవి పటముమీద ఊరక నిలిచియున్నను నష్టము లేదు; కారణము వెదకునాడు అవి పనికివచ్చును.

ఇంతకంటె గొప్ప అపాయము మరియొకటి గలదు. అది యంత్రమునందు గాక మనుష్యునియందే పుట్టును. ఆంగ్లదేశపు ఆర్థికశాస్త్రజ్ఞుడు చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చెప్పిన దాని సారాంశమిది: కొలతను గురిగా పెట్టుకొన్ననాడు అది మంచి కొలతగా నుండదు. "ఎక్కువ పనులు ముగించినవాడే ఉత్తముడు" అని నియమించినచో, చిన్న పనులకు పోటీపడి పెద్ద పనులను వరుసలో కుళ్లనిత్తురు. "తప్పులు తక్కువ చూపవలెను" అనినచో, కఠినమైన పరీక్షలను చాటుగా తీసివేయుదురు. అంకెలు మెఱుగగును; పని చెడును. మన బడులలోని మార్కుల సంగతియు ఇంతియే. మార్కు పిల్లవానికి ఏ పాఠము రాలేదో తెలిసికొనుటకు పుట్టినది. దానికొరకే చదువుట మొదలుపెట్టిననాడు, రానిది దాచుటయే విద్యయగును. తల్లిదండ్రులు ఇంటివద్ద చీటి చూచినప్పుడు "ఇంతేనా?" అని యడుగుటకు మారుగా "ఎక్కడ నిలిచిపోయితివి?" అని యడిగినచో, ఆ అంకె తన పుట్టుకకు తగిన పని చేసినదగును.

సువార్తలోని గృహనిర్వాహకుని ఉపమానమును మన మందరమును వినియున్నాము. యజమానుడు లెక్క యడుగుట తనకప్పగింపబడినది వ్యర్థము కాకుండుటకే. యంత్రపు పనివానిని లెక్క యడుగుటయందును భావమిదియే. వానిని కొట్టుటవలన లాభము లేదు. వానికి సిగ్గు లేదు. లెక్క వేచియున్నవాని కొరకు. దూరదేశముననో, మన ఊరిలోనో కూర్చుండి, తన చిన్న మార్పు నెగ్గునో లేదో యని ఎదురుచూచుచున్న ఆ పేరు తెలియని మనిషికొరకు.

కాబట్టి, ప్రియ విద్యార్థులారా, మీలో ఎవరైన ముందు ఈ వృత్తిలో చేరినచో, క్రొత్త యంత్రమును పెట్టిన దినముననే దానికొక హాజరుపట్టీ పెట్టుడు. వరద వచ్చిన పిమ్మట గాదు. దాని శ్రమను కొలుచుటకు ముందు, దానికొరకు వేచియున్నవాని కాలమును కొలువుడు. పిలిచినప్పుడు పలుకనివాని పేరు పట్టీనుండి తుడిచివేయక, లేచి పోయి వానిని చూచిరండు.